మీ ఎన్‌ఫీల్డ్ 1853 నకలు రైఫిల్ ఎంత చేస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

1857 తిరుగుబాటు పాఠం చదువుకున్న ప్రతి ఒక్కరికీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పేరు తెలుసు. కొవ్వు పూసిన తూటాల గొడవ దీనితోనే మొదలైంది. అమెరికా అంతర్యుద్ధంలోనూ రెండు పక్షాలూ దీన్నే మోశాయి. అందుకే పాత తుపాకుల్లో ఇన్ని నకళ్లు తయారైనవి తక్కువ. అమెరికాలో ఇల్లు కొన్నప్పుడు గోడమీద వేలాడుతూనో, గరాజ్ సేల్‌లోనో ఇది మనవాళ్ళకు తగులుతూ ఉంటుంది. ఆ తర్వాత అందరివీ దాదాపు ఒకటే ప్రశ్నలు. వాటికి జవాబులు ఇవి.

## ముందు గుర్తుపట్టడం

ఇంట్లో దొరికింది. చేతిలోకి తీసుకునే ముందు ఏం చూడాలి?

లోపల మందు దట్టించి ఉందేమో చూడాలి. నూటయాభై ఏళ్ల నాటి తుపాకుల్లోనూ, నిన్న మొన్నటి నకళ్లలోనూ మందు, గుండు అలాగే ఉండిపోయిన సందర్భాలు ఉన్నాయి. నల్ల మందు పొడిగా ఉంటే ఎన్నేళ్లైనా పేలుతుంది. ట్రిగ్గర్ జోలికి వెళ్లకండి, హ్యామర్ ఎత్తకండి, గొట్టం మూతి ముందు చెయ్యి గాని తల గాని పెట్టకండి. గొట్టం లోతు కొలిచి లోపల ఏదైనా ఉందో లేదో చెప్పగలిగే గన్‌స్మిత్‌కు ముందు చూపించండి. ధర సంగతి ఆ తర్వాత.

ఇది అసలుదా, నకలా? నాలాంటివాడికి ఎలా తెలుస్తుంది?

గొట్టం పైభాగం, పక్కభాగం మంచి వెలుతురులో చదవండి. "బ్లాక్ పౌడర్ ఓన్లీ" అని గాని, "మేడ్ ఇన్ ఇటలీ" అని గాని, దిగుమతి చేసుకున్న అమెరికా కంపెనీ పేరు గాని కనిపిస్తే అది నకలు, సందేహం లేదు. 1860ల్లో ఇలాంటి తుపాకుల్లో వాడింది నల్ల మందే కాబట్టి అలాంటి హెచ్చరిక చెక్కాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. గొట్టం మీద వరుస సంఖ్య ఉన్నా అనుమానించాలి. అసలు ఎన్‌ఫీల్డ్‌లకు ఈ కాలపు తుపాకుల్లా గొట్టం మీద సీరియల్ నంబర్ వేసే పద్ధతి లేదు.

బర్మింగ్‌హామ్‌లో ప్రైవేటు కంపెనీలు చేసిన అసలు తుపాకుల గొట్టానికి ఎడమ పక్క, వెనక భాగంలో కిరీటం ముద్రలూ, 24 లేదా 25 అనే అంకె రెండుసార్లూ ఉంటాయి. అది గొట్టం లోపలి వెడల్పును చెప్పే గేజ్ అంకె. కొత్త నకళ్లలో దానికి బదులు .577 అనో .58 అనో అంగుళాల్లో నేరుగా రాస్తారు.

కొలతలతో మాత్రం తేలదు. అసలుది మూడు కట్లతో (గొట్టాన్ని చెక్కకు బిగించే పట్టీలు), 39 అంగుళాల గొట్టంతో, మొత్తం 55 అంగుళాల పొడవుంటుంది. మంచి నకలూ అంతే ఉంటుంది.

లాక్ ప్లేటు (హ్యామర్ పక్కనుండే ఇనుప పలక) మీద కిరీటం బొమ్మ, 'టవర్' అన్న మాట, 1862 అని ఉంది. అంటే అసలుదే కదా?

కాదు. నకళ్ల మీద అన్నిటికంటే ముందు చెక్కేది ఆ మూడింటినే. లాక్ ప్లేటు ఏ నమూనా ప్రకారం చేశారో చెబుతుంది తప్ప ఎప్పుడు చేశారో చెప్పదు. దాన్ని చివర చదవండి, గొట్టం మీద ప్రూఫ్ ముద్రల్ని, అంటే గొట్టాన్ని పరీక్షించాక వేసే ముద్రల్ని, ముందు చదవండి.

ఇటలీ ముద్రలున్నాయి. ఏ సంవత్సరంలో చేశారో తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. ఇటలీలో ఈ నకళ్లు ఎక్కువగా బ్రెషియా దగ్గర గార్డోనే వాల్ ట్రోంపియా లోయలో తయారవుతాయి. ప్రతి గొట్టాన్నీ అక్కడి ప్రభుత్వ ప్రూఫ్ హౌస్ పరీక్షించి ముద్ర వేస్తుంది. నక్షత్రం కింద 'పీఎన్' అని ఉంటే నల్ల మందుకు మాత్రమే పరీక్షించారని అర్థం. దాని దగ్గరే చిన్న చతురస్రంలో సంవత్సరం గుర్తు ఉంటుంది. 1974 వరకు రోమన్ అంకెలు వాడారు. 1975 నుంచి రెండేసి అక్షరాలు: 'ఏఏ' అంటే 1975, 'ఏబీ' అంటే 1976, అలా ముందుకు. ఈ గుర్తును ఫోటో తీసి పెట్టుకోండి. కొనేవాడు అడిగే మొదటి ఫోటో అదే.

గొట్టం లోపల గీతలే లేవు, నున్నగా ఉంది. చవకబారు నకలని వదిలేయనా?

తొందరపడకండి. రైఫిల్ గొట్టంలో గుండును తిప్పి గురి పెంచే మెలి గీతలుంటాయి, నిజమే. కానీ ఈ ప్రశ్న దగ్గర మంచి వస్తువులు చేజారిపోతుంటాయి. 1857 తర్వాత బ్రిటిష్‌వాళ్ళు భారత సిపాయిల చేతికి తమ చేతిలో ఉన్నంత గురి గల తుపాకీ ఇవ్వదలచుకోలేదు. అందుకని చూడటానికి ఎన్‌ఫీల్డ్‌లాగే ఉండి, లోపల గీతల్లేకుండా .656 అంగుళాల నునుపు గొట్టం ఉన్న మస్కెట్లను 1858, 1859 నమూనాలుగా ప్రత్యేకంగా చేయించారు. దూరాన్ని బట్టి పైకి జరిపే గురి పలక కూడా వాటికి ఉండదు, కదలని దిమ్మ మాత్రమే ఉంటుంది. మీ తుపాకీ గొట్టం .577 కంటే బాగా వెడల్పుగా ఉండి, ప్రభుత్వ సొత్తని చెప్పే బాణం గుర్తు ఉంటే, అది నకలు కాకపోవచ్చు. భారత సేవలో వాడిన అసలు తుపాకీ అయ్యుండొచ్చు. తెలిసినవాళ్ళకు చూపించేవరకు అమ్మకండి.

మా మామగారు అఫ్ఘనిస్తాన్ నుంచి ఒకటి తెచ్చారు. పాతదే అంటారు. దానికి విలువెంత?

అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ సరిహద్దుల్లో తుపాకులు చేతితో తయారుచేసే ఊళ్లున్నాయి. వాటిలో దర్రా ఆదమ్ ఖేల్ పేరు అందరికీ తెలుసు. అక్కడ పాత ముక్కలూ కొత్త ముక్కలూ కలిపి, అరిగినట్టు మురికి పట్టించి, విదేశీ సైనికులకూ యాత్రికులకూ అమ్మారు. ముద్రలే వాటిని పట్టిస్తాయి. ఇంగ్లిష్ 'ఎన్' అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. విక్టోరియా రాణి 1901లో చనిపోతే, ఆమె పేరు సూచించే 'వీఆర్' ముద్ర కింద 1907 అని ఉంటుంది. ఈస్టిండియా కంపెనీ పాలన 1858లో పోతే, కంపెనీ గుర్తు పక్కన 1870ల సంవత్సరం ఉంటుంది. పైగా ఆ కంపెనీ హృదయాకారపు గుర్తును మాని 1808 నుంచే కాలెత్తి నిలబడ్డ సింహాన్ని వేయించింది. 1850ల తుపాకీ మీద హృదయం గుర్తు కనిపించినా అనుమానమే.

ఇలాంటిదాన్ని జ్ఞాపికగా చూడండి. మామగారి సర్వీసు కాగితాలు, అక్కడ దిగిన ఫోటోలు కలిపి ఉంచితే కుటుంబానికి విలువ. బజారులో మాత్రం మంచి ఇటాలియన్ నకలుకు వచ్చే ధర కూడా దీనికి రాదు. కాల్చడానికి అసలు పనికిరాదు.

నేపాల్ నుంచి వచ్చిన ఎన్‌ఫీల్డ్ అన్నారు. అది అసలుదా, నకలా?

రెండూ కావచ్చు. ఖాట్మండులోని లగన్ సిలేఖానా అనే పాత ఆయుధాగారంలో పేరుకుపోయిన తుపాకుల్ని 2003 ప్రాంతంలో అమెరికా వ్యాపారులు కొని తెచ్చారు. వాటిలో బ్రిటన్‌లో చేసినవీ ఉన్నాయి, బ్రిటిష్ నమూనా చూసి నేపాల్‌లోనే చేసుకున్నవీ ఉన్నాయి. రెండో రకం కూడా నకలే, కానీ 19వ శతాబ్దపు నకలు. అంటే అదీ పురాతన వస్తువే, దాని ధర వేరే లెక్క. లాక్ ప్లేటు మీద దేవనాగరి అంకెలు, అక్షరాలు ఉన్నాయేమో చూడండి. బెల్జియంలోని లియేజ్‌లో ఆ కాలంలోనే చేసిన ఎన్‌ఫీల్డ్‌లకూ ఇదే వర్తిస్తుంది. వాటి గొట్టం మీద గుడ్డు ఆకారం గీతలో 'ఈఎల్‌జీ' అని ఉంటుంది.

## విలువ కట్టడం

నా నకలు వయసు నలభై ఏళ్లు దాటింది. పాతబడింది కదా, ధర పెరిగి ఉంటుందా?

వయసు వల్ల పెరగదు. నకలు ధరకు పైకప్పు ఒకటి ఉంటుంది: అదే రకం కొత్తది ఇవాళ దుకాణంలో ఎంతకు దొరుకుతోందో అంత. కొత్త ఇటాలియన్ మూడు కట్ల ఎన్‌ఫీల్డ్ అమెరికాలో సుమారు వెయ్యి డాలర్ల దగ్గర మొదలై, కంపెనీని బట్టి పైకి పోతుంది. వాడినది దానికి కింద ఎక్కడో ఆగుతుంది. కొత్తవాటి ధర పెరిగినప్పుడు పాతవాటిదీ దాని వెనకే కొంత పెరుగుతుంది. మీ తుపాకీ పాతబడటానికి దానితో సంబంధం లేదు.

ఈ లెక్కకు లొంగనివి కొన్ని ఉన్నాయి. ఇక దొరకని కంపెనీవి, కొత్తవాటికంటే మెరుగైనవి అయితే పైకప్పు దాటుతాయి.

ఏ కంపెనీదైతే ఎక్కువ వస్తుంది?

నా లెక్కలో అన్నిటికంటే ముందు చూడాల్సిన విషయం ఇదే. తక్కినవన్నీ దీని తర్వాతే.

బర్మింగ్‌హామ్‌కు చెందిన పార్కర్-హేల్ 1970లలో ఎన్‌ఫీల్డ్ నకళ్లు మొదలుపెట్టింది. బ్రిటిష్ ప్రభుత్వం భద్రపరిచిన అసలు గేజ్‌లను, అంటే కొలత పరికరాలను, దగ్గర పెట్టుకుని చేశారు. గొట్టం లోపలి గీతలు కూడా అసలువాటిలాగే వెనక లోతుగా మొదలై మూతి వైపు పలచబడతాయి. అందువల్ల గురి పోటీలకు వెళ్లేవాళ్ళు ఇప్పటికీ వీటిని వెతుక్కుని కొంటారు. ఒక మెలిక ఉంది. 1990ల నుంచి అదే పేరుతో ఇటలీలో చేసినవి బజారులోకి వచ్చాయి. పేరు చూసి ధర కట్టకండి. ప్రూఫ్ ముద్రలు బర్మింగ్‌హామ్‌వా, ఇటలీవా అన్నది చూడండి. ఆ రెండింటి ధరల మధ్య తేడా గట్టిగానే ఉంటుంది.

ఇప్పుడు తయారవుతున్నవాటిలో పెడెర్సోలీకి పేరు ఎక్కువ, ధరా ఎక్కువే. ఆర్మీ స్పోర్ట్, అంటే కియాప్ప వారిది, మధ్యస్థం. యూరోఆర్మ్స్ మూతపడింది. వాటికి వాడుకదార్లలో మంచి పేరే ఉంది గాని, మూతపడ్డ కంపెనీ అన్న ఒక్క కారణంతో సేకర్తలు ఎగబడరు.

మూడు కట్లదా, రెండు కట్లదా అనేది కూడా చూడాలి. 33 అంగుళాల గొట్టం, ఐదు గీతలు ఉన్న పొట్టి ఎన్‌ఫీల్డ్ గురికి ప్రసిద్ధి. పోటీలకు వెళ్లేవాళ్ళు దాన్ని అడుగుతారు. అంతర్యుద్ధపు వేషాలు కట్టేవాళ్ళు మూడు కట్లదే కావాలంటారు. కొనేవాడు ఎవరన్నదాన్ని బట్టి ధర మారుతుంది.

మన దేశంలో తయారైన నకలు నా దగ్గరుంది. దానికి రేటు ఎందుకు తక్కువ చెబుతున్నారు?

భారత్ నుంచి ఎగుమతయ్యే మస్కెట్లలో చాలావాటికి ప్రూఫ్ హౌస్ ముద్ర ఉండదు. మందు అంటుకునే రంధ్రం కూడా పెట్టకుండా, తుపాకీ కాని వస్తువుగా పంపుతారు. ఆ రంధ్రం కొన్నవాళ్ళో, అక్కడి వ్యాపారో తర్వాత పెట్టించుకోవాలి. గొట్టం ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో ఏ సంస్థా పరీక్షించలేదు కాబట్టి గుండు పెట్టి కాల్చేవాళ్ళు దూరంగా ఉంటారు. మిగిలేది గోడకు తగిలించుకునేవాళ్ళు, నాటకాలవాళ్ళు. ఇత్తడి పని, చెక్క పని కొన్నిట్లో చాలా బాగుంటుంది. ఆ మేరకు ధర వస్తుంది.

"ఎక్సలెంట్ కండిషన్" అని రాయొచ్చా?

ఏ కొలమానం ప్రకారం అన్నది తేల్చుకుని రాయండి. అమెరికాలో అందరూ వాడేవి నేషనల్ రైఫిల్ అసోసియేషన్ గ్రేడ్‌లు. అవి రెండు రకాలు: పురాతన తుపాకులకు ఒకటి, ఆధునికవాటికి ఒకటి. పురాతన కొలమానంలో విడిభాగాలన్నీ అసలువై, అసలు రంగు 80 శాతం మించి మిగిలి ఉంటే ఎక్సలెంట్. ఆధునిక కొలమానంలో ఎక్సలెంట్ అంటే దాదాపు కొత్తదే, చెక్క మీద గాని ఇనుము మీద గాని చెప్పుకోదగ్గ గీత ఉండకూడదు. నకలు రూపం పాతదైనా ఆధునిక వస్తువే. దానికి రెండో కొలమానమే వర్తిస్తుంది. పైపూత ఇరవై శాతం పోయిన నకలును ఎక్సలెంట్ అంటే కొన్నవాడు వెనక్కి పంపుతాడు.

పైకి తళతళలాడుతోంది గాని గొట్టం లోపల తుప్పు ఉన్నట్టుంది. ఎంత పోతుంది?

కాల్చాలని కొనేవాళ్ళ దృష్టిలో చాలా పోతుంది. నల్ల మందు కాలాక మిగిలే మసి గాలిలో తేమను లాక్కుంటుంది. కాల్చిన రోజే వేడి నీళ్లతో కడిగి నూనె రాయకపోతే లోపల గుంటలు పడతాయి. నకళ్లలో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే, బయటి నుంచి కనపడదు. చిన్న కెమెరా తీగను గొట్టంలోకి దించి చూపించే గన్‌స్మిత్‌లు ఉన్నారు. ఆ ఫోటోలు జతచేస్తే మంచి గొట్టానికి మంచి ధరే వస్తుంది. మందును అంటించే క్యాప్‌ను తొడిగే నిపుల్ అనే చిన్న ముక్క అరిగితే కంగారుపడక్కర్లేదు, మార్చుకోవచ్చు. హ్యామర్ సగంలో నిలవకుండా జారిపోతుంటే మాత్రం లాక్ బాగు చేయించే ఖర్చు ధరలోంచి తీసేయాల్సిందే.

అమ్మే ముందు పాలిష్ చేయించనా?

మీ దగ్గరున్నది నకలని పక్కాగా తేలేదాకా వద్దు. పొరపాటున అసలుదైతే, ఒక్క మధ్యాహ్నం పాలిష్‌తో దాని విలువలో పెద్ద భాగం ఊడిపోతుంది. నకలే అయితే దుమ్ము తుడిచి పలచగా నూనె రాస్తే చాలు.

'డీఫార్బ్' చేసినదంటే ఏమిటి? దానికి ఎక్కువ ఇవ్వాలా?

అంతర్యుద్ధ సన్నివేశాలను మళ్లీ ప్రదర్శించేవాళ్ళు ఆ కాలానిది కాని దేన్నైనా 'ఫార్బ్' అని వెక్కిరిస్తారు. గొట్టం మీది కొత్త రాతల్ని తీయించి, చెక్క మీది మెరుగు పూత తీసి నూనె పట్టించి, కట్లనూ మరల్నీ ఆ కాలపు రూపంలోకి తెప్పించుకోవడం డీఫార్బ్. పేరున్న పనివాడు చేస్తే ఆ మనుషులు మామూలు నకలుకంటే ఎక్కువే ఇస్తారు. గురి పోటీవాళ్ళకు దానితో పనిలేదు.

నాకు ఇందులో నచ్చని సంగతి ఒకటుంది. కొత్త ముద్రలు పోయిన నకలు రెండు చేతులు మారేసరికి అసలుదైపోతుంది. కొంటే పని చేసినవాడి బిల్లు అడిగి తీసుకోండి. అమ్మితే బిల్లుతో పాటే ఇవ్వండి.

బాయ్‌నెట్, తోలు పట్టీ, పెట్టె ఉన్నాయి. కలిపి అమ్మనా, విడిగానా?

బాయ్‌నెట్‌ను విడిగా చూపించండి. నకలు తుపాకీకి అసలు బాయ్‌నెట్ తగిలించి అమ్మేసిన సందర్భాలు ఉన్నాయి, అలాంటప్పుడు విలువంతా బాయ్‌నెట్‌దే. కంపెనీ పెట్టె, కాగితాలు తుపాకీతోనే ఉండాలి.

నిజమైన ధర ఎక్కడ చూడాలి? నెట్‌లో ఒకచోట 600 డాలర్లు, ఒకచోట 2,000.

అడుగుతున్న ధరలు చూసినంతకాలం ఇలాగే ఉంటుంది. అమ్ముడుపోయిన ధరలు చూడండి. వేలం సైట్లలో ముగిసిన వేలాలను విడిగా వెతికే వీలుంటుంది. మీ కంపెనీ, మీ మోడల్, మీ కట్ల సంఖ్య కలిసినవాటినే ఏరండి. బాగా ఎక్కువవి, బాగా తక్కువవి తీసేసి మధ్యలోవి చూసుకోండి. వేలం ఇంటి ఫలితమైతే కొన్నవాడు చెల్లించే కమిషన్ అందులో కలిసి ఉందో లేదో చూడాలి. అది ధర మీద 20 శాతం దాటడం మామూలే, అమ్మినవాడి చేతికి అది రాదు. దుకాణదారు మీకు ఇవ్వజూపేది వీటన్నిటికంటే తక్కువే ఉంటుంది. అతనికీ లాభం మిగలాలి కదా.

బీమా కోసమైతే లెక్క వేరు. పోతే మళ్లీ కొనడానికి ఎంతవుతుందన్నది రాయించుకోవాలి. ఇప్పటికీ తయారవుతున్న నకలుకు అది కొత్తదాని ధరే.

డబ్బిచ్చి అప్రైజర్‌తో విలువ కట్టించడం దండగా?

తయారీదారు పేరు స్పష్టంగా ఉన్న నకలుకు దండగే. ముద్రలు అర్థం కానప్పుడు, లేదా ఆస్తి పంపకాల్లో కాగితం కావాల్సినప్పుడు చేయించండి. విలువ కట్టినవాడే "నేనే కొంటాను" అంటే ఇంకో మాట విని రండి.

పోటీల్లో వాడే వీలుంటే ధర పెరుగుతుందా?

పెరుగుతుంది. అమెరికాలో 1950 నుంచి ఉన్న నార్త్-సౌత్ స్కర్మిష్ అసోసియేషన్ తన పోటీలకు ఏయే నకళ్లు అనుమతిస్తుందో జాబితా పెడుతుంది. అంతర్జాతీయ పోటీలు నడిపే ఎంఎల్ఏఐసీ అసలు తుపాకులకు, నకళ్లకు వేర్వేరు విభాగాలు పెట్టింది, నకలు అసలు నమూనాకు కట్టుబడి ఉండాలంటుంది. మీ మోడల్ ఆ అనుమతుల్లో ఉంటే ఆ సంగతి ప్రకటనలో రాయండి.

## చట్టం, అమ్మకం

నేను అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నాను. ఇది నా దగ్గర ఉండొచ్చా?

నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం అంటుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అయితే 1898లోపు చేసినవీ, మామూలు తూటాలు వాడని వాటి నకళ్లూ ఆ చట్టం లెక్కలో పురాతన ఆయుధాలు, 'తుపాకీ' నిర్వచనంలోకి రావు. మూతి నుంచి మందు దట్టించే ఎన్‌ఫీల్డ్ నకలు అలాంటిదే. కానీ రాష్ట్రాల చట్టాలు వేరు, కొన్నిచోట్ల చాలా కఠినం. వీసా విషయంలో టెన్షన్ ఎందుకు, మీ రాష్ట్రంలో లాయర్‌ను అడిగాకే కొనండి, అమ్మండి.

సెలవులకు వస్తూ ఇండియాకు తెచ్చుకోవచ్చా?

సామానులో పెట్టుకుని రావద్దు. అక్కడ పురాతన వస్తువైనంత మాత్రాన ఇక్కడ కాదు. పేలగల నకలు మన ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీయే. ఏజెన్సీ ప్రాంతాల్లో నాటు తుపాకులు పట్టుకుని కేసులు పెడుతుంటారు కదా, అవీ మందు దట్టించి పేల్చేవే. కస్టమ్స్ నుంచీ, లైసెన్స్ ఇచ్చే అధికారి నుంచీ ముందే రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోకుండా టికెట్ కొనకండి.

మా ఊళ్లో తాతగారి అటక మీద ఒకటి ఉంది. నకలో అసలో తెలీదు. అమ్మితే ఎంతొస్తుంది?

ఇక్కడ ధర రెండో విషయం. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ పాతకాలపు, పురాతన విలువ గల ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది. కానీ బాగు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనిచేయనివై ఉండాలి. పనిచేసేదైతే లైసెన్స్ కావాలి. హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్‌కు, జిల్లాల్లో కలెక్టరేట్‌కు దరఖాస్తు పెట్టాలి. తాతగారి పేరున పాత లైసెన్స్ ఉందేమో బీరువాలో వెతకండి, వారసుడిగా అడగడానికి అది పనికొస్తుంది. వందేళ్లు దాటిన అసలుదైతే 1972 పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది, విదేశాల్లో కొనేవాడు దొరికినా మీరు పంపలేరు. అందుకే విదేశీ వేలం ధరలు చూసి ఇక్కడ విలువ కట్టకూడదు.

నకలని రాస్తే ఎవరూ చూడట్లేదు. "పాత ఎన్‌ఫీల్డ్" అని మాత్రం రాస్తే తప్పా?

తప్పే. చూసేవాళ్ళు పెరుగుతారేమో గాని, కొనేది మోసపోయినవాడు, వాడు తిరిగొస్తాడు. ప్రకటన మొదటి వాక్యంలోనే తయారీదారు పేరు, ప్రూఫ్ సంవత్సరం, నకలు అన్న మాట ఉండాలి. తర్వాత గొట్టం లోపలి స్థితి, కట్ల సంఖ్య, మార్చిన ముక్కలు రాయండి. ఫోటోల్లో ముద్రలు చదవగలిగేలా దగ్గరగా తీయండి. నకలు కావాలనుకునేవాళ్ళు వెతికేటప్పుడు కంపెనీ పేరే టైప్ చేస్తారు.